అంతరాయంలో చేప

చూడు, అలా తోక చూపించి అటు తిరిగిపోకు. ఇటు తిరుగు. నీతోనే మాట్లాడుతున్నా. ఈ స్టూడియోలో ఇప్పుడు నువ్వూ నేనూ తప్ప ఎవరున్నారు గనక? అందరూ టీ తాగడానికి పోయారు. వాళ్లు తిరిగొచ్చి దీపాలు వేసేలోపు మన సంగతేదో మనం తేల్చుకోవాలి.

ఒసేయ్ అనాలా, ఒరేయ్ అనాలా? అదీ తెలీదు నాకు. ఆడో మగో తెలీని ఒక చేప వచ్చి నా కుర్చీకి ఎసరు పెట్టింది. బయట చెప్పుకుంటే నవ్వుతారు. చెప్పుకోకుండానే నవ్వుతున్నారులే, అది వేరే సంగతి.

నేనెవరో తెలుసా అసలు నీకు? సాయంత్రం టీవీ పెట్టగానే మొట్టమొదట కనిపించే ముఖం నాది. "నమస్కారం, ఈ రోజు కార్యక్రమాలు" అని మొదలుపెట్టేది నేను. మధ్యలో బొమ్మ పోతే "అంతరాయానికి చింతిస్తున్నాం" అని అందరి తరఫునా చింతించేదీ నేనే. తప్పు ఎవరిదైనా చింత మాత్రం నాది. మనకున్నది ఒక్కటే చానల్. చూస్తే మమ్మల్ని చూడాలి, లేకపోతే గోడని చూడాలి. ఆ రెంటిలో చాలామంది మమ్మల్నే చూస్తారనుకో.

మరి నువ్వెవరివమ్మా? పిల్లల కార్యక్రమంలో వెనకాల అందంగా ఉంటావని తెచ్చి పెట్టిన సామానువి. ఒక గాజు తొట్టి, ఒక ప్లాస్టిక్ మొక్క, గుప్పెడు గులకరాళ్లు, నువ్వు. అంతే కదా?

ఏంటా నోరు తెరవడం? ఏమన్నా అంటున్నావా? అనట్లేదా? సరే, విను మరి.

ఆ నమస్కారం ఉంది చూశావూ, సాయంత్రం నేను పెట్టేది, అది ఊరికి ఒక నమస్కారమే. నాకు మాత్రం అదొక్కటే దిక్కు. ఎందుకంటావా? మా అత్తగారు నాతో మాట్లాడరు. ఇంట్లో మాటల్లేవు. కూరలో ఉప్పెక్కువైందన్నా గోడకే చెబుతారు. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టానో పిల్లినడుగుతారు. కానీ సాయంత్రం టీవీలో నేను కనిపించి నమస్కారం అనగానే ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుని "నమస్కారం తల్లీ, వచ్చావా" అంటారట! మా ఆయన చెప్పారు. నేను నమ్మలేదు. పక్కింటావిడ కూడా చెప్పాక నమ్మాను. ఇంట్లో కోడలితో పడదు గానీ టీవీలో కోడలితో పడుతుంది, ఏం చేస్తాం!

గొడవేంటంటే, అబ్బే, గొడవ కూడా కాదు. గురువారం నాటకం వస్తుంది కదా, ఆ తప్పిపోయిన పెద్దకొడుకు బతికున్నాడా లేడా అని అడిగారు. పక్కింటావిడ ఎదురుగా అడిగారు. "మా కోడలు అక్కడే పని చేస్తుంది, దానికన్నీ తెలుసు" అని ముందే గొప్పలు పోయినట్టున్నారు. నేనేమో ముక్కు ఎగరేసి "అది ఆఫీసు రహస్యం అత్తయ్యా" అన్నా. అంతే! పదిమందిలో తల కొట్టేసినట్టయిందట ఆవిడకి. నిజానికి నాకూ తెలీదు. రాసే ఆయనకే బుధవారం సాయంత్రం దాకా తెలీదు.

సరే, ఇక నీ ఘనకార్యానికి వద్దాం. పోయిన సోమవారం. ఎరువుల మీద కార్యక్రమం నడుస్తోంది, పటుక్కున రీలు తెగింది. మామూలే. పొడుగు కెమెరామన్ నా వైపు తిప్పాడు, ఎర్ర దీపం వెలిగింది, నేను చక్కగా నవ్వి "అంతరాయానికి చిం..." అన్నా. హిక్!

ఎక్కిళ్లు! జన్మలో రానిది అప్పుడే రావాలా? మళ్లీ మొదలుపెట్టా. "ప్రేక్షకులు దయచేసి ఓ... హిక్... పిక పట్టాలి." అద్దానికి అవతల డైరెక్టర్ గారు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు. పొడుగాయన మాత్రం ఏం చేస్తాడు? కెమెరా పక్కకి తిప్పాడు. పక్కన నువ్వున్నావు.

తిప్పితే తిప్పాడు, నా మైకు ఆపాలి కదా! సౌండాయన కంగారులో మర్చిపోయాడు. తెర మీద నువ్వు నోరు తెరుస్తావు, ఇక్కడ నేను హిక్ అంటా. నువ్వు మూస్తావు. మళ్లీ తెరుస్తావు, హిక్! కొలిచి పోసినట్టు కుదిరింది. ఊరు ఊరంతా చేపకి ఎక్కిళ్లొచ్చాయనుకుంది!

తప్పు నీది కాదంటావా? సరే, కాదు. కానీ కాస్త నోరు మూసుకుని ఉండొచ్చు కదా ఆ క్షణం!

మంగళవారం వచ్చేసరికి టెలిఫోన్ అమ్మాయికి ఊపిరాడట్లేదు. అన్నీ నీ గురించే. చేపకి పంచదార పెట్టండి అని ఒకావిడ. వెనకనుంచి వెళ్లి భయపెట్టండి అని ఒకాయన. ఇంకో పెద్దాయన పాపం, "ఓ గ్లాసుడు నీళ్లు తాగించండి" అన్నాడట. నీళ్లలో ఉన్న చేపకి! ఇక్కడ నిజంగా ఎక్కిళ్లొచ్చిన మనిషికి ఒక్కరంటే ఒక్కరు మంచినీళ్లిచ్చారా?

డైరెక్టర్ గారు పిలిచారు. చీవాట్లు తప్పవనుకుని వెళ్లా. ఆయనేమో చేతులు రుద్దుకుంటూ "ఎక్కిళ్లు ఇంకా ఉన్నాయామ్మా?" అన్నారు. రాత్రే తగ్గిపోయాయండీ అన్నా. ఆయన ముఖం వాడిపోయింది. "అయ్యో, మరెలా?" అన్నారు.

అర్థమైందా? ఆ రోజునుంచీ నేను దొంగ ఎక్కిళ్లు పెడుతున్నా. నువ్వు తొట్టిలో పైన మహారాణిలా తిరుగుతుంటావు, నేను బల్ల కింద మైకు పట్టుకుని గొంతుక్కూర్చుని నీ నోరు చూస్తూ హిక్, హిక్. ఇదీ నా బతుకు! మోకాళ్లు పట్టేశాయి తెలుసా?

బుధవారం ప్రశ్నల పోటీ త్వరగా అయిపోయింది. పాల్గొన్నవాళ్లకి ఒక్క జవాబూ రాకపోతే అవదూ మరి? మిగిలిన టైమంతా నువ్వే. గురువారం నాటకంలో, స్టూడియోలోంచి నేరుగా వస్తుంది కదా, ఆ పెద్దకొడుకు బతికే ఉన్నాడని చెప్పాల్సిన చోట నటుడు మాట మర్చిపోయి నోరు వెళ్లబెట్టాడు. వెంటనే నిన్ను చూపించారు. అతనికంటే చేపే బాగా చేసిందన్నారట జనం. ఇద్దరూ చేసింది ఒకటే, నోరు తెరిచి ఊరుకోవడం. కొడుకు సంగతి మాత్రం ఎటూ తేలకుండానే పోయింది. మా అత్తగారు ఎంత తిట్టుకున్నారో!

శుక్రవారం పాటల మధ్యలో నువ్వు. శనివారం వార్తలాయన, ఆ మనిషి పుట్టాక నవ్వి ఎరగడు, అలాంటివాడు చివర్లో కాగితం కింద పెట్టి "చేప క్షేమంగా ఉంది" అని చిరునవ్వు నవ్వాడు. నేను ముక్కున వేలేసుకున్నా.

ఇక నిన్న ఆదివారం సినిమా! రీళ్లాయన నిన్ను చూడ్డంలో పడి ఒక డబ్బాకి బదులు ఇంకో డబ్బా ఎక్కించాడు. మొదట్లోనే చచ్చిపోయి, నలుగురూ ఏడ్చి సాగనంపిన తండ్రి, మధ్యలో స్నానాల గదిలోంచి తల తుడుచుకుంటూ వచ్చి "నా కళ్లజోడేదే?" అన్నాడు. మామూలు వారమైతే జనం మా గేటు విరగ్గొట్టేవాళ్లు. నిన్న ఒక్కరడిగితే ఒట్టు! ఆ రెండు రీళ్ల మధ్యా నువ్వొచ్చావు కదా, ఇక తండ్రి చస్తేనేం, బతికితేనేం? చేప మళ్లీ ఎప్పుడొస్తుంది అని ఫోన్లు.

సినిమా అవగానే డైరెక్టర్ గారు నన్ను మళ్లీ పిలిచారు. "అమ్మా, రేపట్నుంచి నమస్కారం కూడా చేపే చెబుతుంది. గొంతు నీదే ఉంటుందిలే. నువ్వు మేకప్ వేసుకోనక్కర్లేదు, హాయి కదా" అన్నారు.

హాయట, హాయి!

ముఖం పోతే పోయింది, ఏమంత అందమని? కానీ నేను తెర మీద లేకపోతే ఆవిడ ఎవరితో అంటారు "వచ్చావా తల్లీ" అని? నీతోనే అంటారు కదా! నా ఇంట్లో నాకు దొరికే ఆ ఒక్క మాట కూడా నువ్వే తినేస్తావు కదా! ఏడుపొచ్చింది, దాచుకోను. బల్ల కింద కూర్చునే ఏడ్చా. సౌండాయన విని "ఇది కూడా బాగుందండీ, రేపు పెడదామా?" అన్నాడు.

ఇదిగో, ఈ సంచిలో ఏముందో తెలుసా? మూతున్న డబ్బా. మూతకి చిల్లులు కూడా పొడిచా, నాకు మరీ అంత పాపం వద్దు. వీళ్లంతా టీకి పోగానే నిన్ను ఇందులో వేసుకుని వెనకున్న చెరువులో వదిలేద్దామని తెచ్చా. వారం పాటు నా గొంతు వాడుకున్నావు, ఇక చాలు, పోయి నీ బతుకు నువ్వు బతుకు అని.

అలా గుడ్లు మిటకరించకు. వదలట్లేదులే.

పొద్దున ఏమైందంటే, డబ్బా సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంటున్నా. వెనకనుంచి "ఎక్కిళ్లు తగ్గాయా?" అని వినబడింది. తిరిగి చూస్తే మా అత్తగారు. గోడ వైపు కాదు, పిల్లి వైపు కాదు, నా వైపే చూస్తున్నారు. ఏదో అనాలి కదా అని "ఆ చేపకేం అత్తయ్యా, బాగానే ఉంది" అన్నా.

"చేప సంగతి ఎవరు అడిగారే? చేపకెక్కడైనా ఎక్కిళ్లొస్తాయా? నీకు తగ్గాయా అని."

విన్నావా? ఊరంతా నీ నోరు చూసి చప్పట్లు కొట్టింది. డాక్టర్లు, మేష్టర్లు, పెద్దపెద్దవాళ్లంతా ఆ ఎక్కిళ్లు నీవే అనుకున్నారు. మా ఆయన కూడా, నా మెడలో... సర్లే, నన్ను చేసుకున్న మనిషి కూడా "ఆ చేప భలే ఎక్కిళ్లు పెడుతోందే" అని పగలబడి నవ్వాడు. ఆవిడొక్కరే నా గొంతు గుర్తుపట్టారు. అదీ ఒట్టి హిక్ లో!

"వారం అయింది వినబట్టి. ఇంట్లో రావు, అక్కడికెళ్తేనే వస్తాయి. ఆ దీపాల వేడికి నీళ్లు తాగకుండా చస్తున్నావేమో. ఇదిగో" అని ఒక సీసా చేతిలో పెట్టారు. చూడు, ఇదే. ఇంకా తాగలేదు నేను. తాగబుద్ధి కావట్లేదు, అలా పట్టుకునే కూర్చున్నా.

అవి దొంగ ఎక్కిళ్లని చెప్పానా అంటావా? ఆఫీసు రహస్యమైనా ఈసారి చెప్పేద్దామనే నోరు తెరిచా. నీలాగే తెరిచి, నీలాగే మూసేశా. చెబితే ఆవిడ రేపు మళ్లీ అడగరు కదా.

అదుగో, వస్తున్నారు. పొడుగాయన కెమెరా నీ వైపే తిప్పుతున్నాడు, తిప్పుకోనీ. నీళ్లు కొంచెం మురికిగా ఉన్నాయి, రేపు నేను మారుస్తాలే. నేను బల్ల కిందకి పోతున్నా. ఎర్ర దీపం వెలగగానే నోరు బాగా తెరువు, బద్ధకించకు. మా అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చుని ఉంటారు.

నమస్... హిక్... కారం.