పాలల్ల పారిన కరెంటు

"పాలల్ల సూదిమందు ఉందా లేదా చెప్పే మిషను గురించి నాకే చెప్తవా లోకనాథూ? ఆ మిషనుకు పానం పోసిందే నేను!"

సూగప్ప గిట్ల షురూ చేసిండంటే దుర్గప్ప గిలాసలు కడుగుడు ఆపి చేతులు తుడుచుకుంటడు. యరమరస్ కరెంటు ప్లాంటు గేటుకు ఎదురుగనే దుర్గప్ప హోటలు. షిఫ్టు దిగినోళ్ళం, బూడిద లారీలోళ్ళు, అందరం ఆడనే చాయి తాగుతం. పొయ్యికాడ దుర్గప్ప తల్లి యంకవ్వ మిర్చీలు కాలుస్తుంటది. సూగప్ప ప్లాంటుల వైరింగు పని చేసి చేసి రిటైరయిండు. పెండ్లాం తిమ్మమ్మ కాలంచేసినకాడికెల్లి ఆయనకు ఇల్లు పడ్తలేదు, దినమంత ఈ బెంచీ మీదనే. ఆయన మాటలల్ల ఎంత నిజమో ఎవ్వరం అడగం. అడిగితే చాయి సప్పగైతది.

ఆ దినం పొరపాటు లోకనాథ్‌ది. ఆయన బాళగనూరు దిక్కునుంచి వచ్చి ఈడ బర్రెలు పెట్టుకున్నడు, హోటలుకు పాలు పోస్తడు. క్యాను దించుతూ ఊకోకుండ, "మా బర్రెకి పొదుగువాపొచ్చి సూది వేయించానండీ. డాక్టరు చెప్పినన్నాళ్ళూ పాలు పారబోశాను. ఇప్పుడు పాలకేంద్రంలో కొత్త మిషను పెట్టారు కదా, పోస్తే ఇట్టే దొరికిపోతాం" అన్నడు. గంతే, సూగప్ప పట్టుకున్నడు.

"ఎందుకు దొరకరు? ఇనుండ్రి జర. యూనివర్సిటీ నుంచి పాలకేంద్రానికి ఒక పిల్ల వచ్చింది, ప్రజ్ఞ అని. దాని చేతిల సన్నని పట్టీ, అగ్గిపుల్లంత. పట్టీ మీద మూడు గీతలు. పాలచుక్క ఏస్తే ఆ గీతల నడుమ కరెంటు పారాలె. పాలల్ల మందు ఉందనుకో, అది పోయి గీతకు అతుక్కుంటది, కరెంటు తగ్గుతది, పట్టీకి తగిలిచ్చిన పెట్టెల అంకె మారుతది. గింతే ఇద్దె. కానీ ఆ దినం అంకె రాకపాయె! పాలోళ్ళంత లైనుల ఒర్లుతున్నరు, పిల్ల కండ్లల్ల నీళ్ళు. నేను చెంబు పట్టుకొని ఎనక నిలబడ్డోన్ని, జర జరుగమ్మా అన్న. చూస్తే వైరు ఊడింది. పంటితోని కొరికి మళ్ళ బిగించిన. టక్కున ఎలిగింది. 'అంకుల్, మీరు రాకపోతే నా చదువంత మన్నైపోయేది' అని చేతులు పట్టుకున్నది."

"ఈడిదాంక నమ్మచ్చు" అన్నడు దుర్గప్ప.

"నమ్మకు, నీ ఇష్టం. ఆమీద ఏమైందో ఎరుకనా? ఆ పిల్ల చుక్క తర్వాత చుక్క ఏసుకుంట కూసున్నది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మా, గింత సెల్లు కరెంటుతోని జిల్లా పాలు ఎప్పుడు చూస్తవు, కరెంటు కావాలంటే నాతోని రా అన్న. ఆ పట్టీ తెచ్చి గీ ప్లాంటుల టర్బైనుకు కట్టిన!"

"టర్బైనుకా!" అన్నం అందరం ఒక్కసారే.

"మరి గోలీ సోడాకు కడ్తనా? పెద్ద సాబు ఉరికొచ్చి 'సూగప్పా, బేడ, బేడ' అని కన్నడంల వద్దు వద్దని మొత్తుకునె. నేను ఇనలే. స్విచ్చి ఒత్తిన. రాయచూరు జిల్లాల ఏ ఇంట్ల ఏ గిన్నెల మందు పాలున్నయో, ఆ ఇంట్ల బలుబు మినుకుమినుకుమన్నది. మాన్విల మినుకుమనె, సింధనూరుల మినుకుమనె. పోతనాళల ఒక షావుకారింట్ల లగ్గం, ఊరంతకు పాల బాసుంది కాచిండ్రు. పందిరి మొత్తం చీకటి! పెండ్లికొడుకు తాళి కట్టబోయి బాజావోని మెడ తడిమిండు. ఆ బాసుంది బర్రెలకు పోస్తే, బర్రెలు మూతి పక్కకు తిప్పుకున్నయి."

"మరి మా ఇంట్లో లైటు బాగానే వెలిగిందేవండీ?" లోకనాథ్ అడిగిండు.

"నువ్వు పారబోస్తివి గదయ్యా, అందుకే ఎలిగింది. నా మిషనుకు నాయం తెలుసు. ఇంకేముంది, లైను ఎటు పోతే నా పరీక్ష అటు పోయె. కోళ్ళఫారాలకు పోయె. కోళ్ళు ఊకున్నయా? తమంతల తామే లైను కట్టి గేటుకాడికి వచ్చినయి, మమ్మల్ని గూడ చూడు సూగప్పా, మాకూ ఏం ఏసిండ్రో మాలూమ్ లేదు అని. గుడ్లు దొర్లుకుంట వచ్చినయి. చెర్ల చేపలు తలకాయలు బయటపెట్టినయి."

"చేపలకు షాకు కొట్టలేదా?"

"తెలివిగల్ల చేపలయ్యా అవి, చెప్పులేసుకొని వచ్చినయి."

చాయి నోట్ల పోసుకున్నోనికి పొలమారింది. సూగప్ప మాత్రం నవ్వలే. బెంచీ మీద ముందుకు జరిగిండు.

"ఢిల్లీల ఒక పెద్ద మీటింగు. దొడ్డ దొడ్డ మనుషులు. చాయి తేంగనే లైట్లు బంద్! అందరు చీకట్ల కప్పులు పట్టుకొని కూసున్నరు. ఈడికి ఫోను. 'సూగప్పగారూ, ఏ కప్పుల ఉంది?' నేను గీ బెంచీ మీదికెల్లే చెప్పిన, ఎడమ దిక్కు మూడోది, అది దించి మిగిలినయి తాగుండ్రి అని. లైట్లొచ్చినయి, దేశం మళ్ళ నడిచింది."

నాకు నవ్వాగలే. "అంతా మంచిగనే ఉందిగాని సూగప్పన్నా, ఊరూరి పాలతోని నీకేం పని? బర్రె లేదు, దూడ లేదు. ఎందుకింత పరేషాన్?" అని అడిగిన.

ఆయన నాదిక్కు చూడలే. గిలాస అడుగున మిగిలిన చాయి దిక్కు చూసిండు.

"ఎందుకా? తోడు కోసం" అన్నడు. "మా తిమ్మమ్మ లగ్గమై వచ్చిన దినం పుట్టింటికెల్లి చిన్న ముంతల పెరుగు తోడు తెచ్చింది. ఇయ్యాలటి పెరుగుల జరంత తీసి రేపటి పాలల్ల, రేపటిది ఎల్లుండి పాలల్ల. ఒక్కనాడు తప్పనియ్యలే. ఆమె పోయినంక నేనూ ఆపలే. నాకు అన్నం వండరాదు, కూర రాదు. కానీ పాలు కాగబెట్టి, గోరెచ్చగైనయా అని ఏలు పెట్టి చూసి, తోడేసి గుడ్డ కప్పుతుంటి. ఆ పెరుగు నోట్ల పెట్టుకుంటే ఆమె వంటింట్లనే ఉన్నట్లు ఉంటుండె. ఒక దినం యాడి పాలో తెచ్చుకున్న. ఉన్న తోడంత అండ్లనే ఏసిన. పొద్దుగాల చూస్తే పేరుకోలే. పాలు పాల లెక్కనే ఉన్నయి. ఎవని బర్రెకు సూది పొడిచిండ్రో, ఆ మందు నా తోడును సంపేసింది. ఆమీద ఎన్ని దుకాన్లల్లకెల్లి పెరుగు తెచ్చి ఏసిన. పెరుగైతది. ఆ పెరుగు కాదు. నాకు ఆమె మతికొస్తది రా దుర్గప్పా, శానా మతికొస్తది."

లోకనాథ్ తన క్యాను మూత ఊకెనే తిప్పుకుంట నిలబడ్డడు. మా మొకాలు చూసి సూగప్ప బెంచీ మీద సర్దుకొని కూసున్నడు. మళ్ళ ఎత్తుకున్నడు.

"అందుకే మిషను తిప్పి పెట్టిన! ఇగ మందు ఎతకకు, తిమ్మమ్మ తోడు ఎతుకు అన్న. బొగ్గు ఇంకో గూడ్సుబండి పోయించిన. కృష్ణ నీళ్ళల్ల ఎతికిన, తుంగభద్ర కాలువల ఎతికిన. హిమాలయాల మీద తెల్లగ కనిపిస్తే, ఆఁ, పెరుగే అని ఉరికిన. మంచు! ఆఖరికి చందమామ మీదికి వైరు ఏసిన. ఆడ గూడ లేదు. ఈ లోకంల ఆ తోడు చుక్క గూడ మిగల్లేదని మిషను తేల్చి చెప్పింది. ఖతం!"

యంకవ్వ బాండ్లిల మిర్చీలు తిప్పుడు ఆపింది.

"నీ మిషను చందమామ దాంక పోయింది గాని, మా గోడ దాటలేకపాయెనా సూగప్పన్నా?"

"ఏందవ్వా?"

"మా ఇంట్ల పెరుగు ఎవరి తోడనుకున్నవు? ఈ దుర్గప్ప కడుపుల ఉన్నప్పుడు మా ఇంట్ల తోడు చెడిపోతే, మీ తిమ్మమ్మనే మన రెండిండ్ల నడిమి గోడమీదికెల్లి అందిచ్చింది. ఇయ్యాలటిదాంక అదే పేరబెడుతున్న. నా కాడికెల్లి ఎదురింటి కిష్టప్ప పెండ్లాం తీస్కపోయింది, ఆమె కాడికెల్లి ఇంకో ఇంటికి పోయింది. నాది చెడిపోతే ఆమె ఇస్తది, ఆమెది చెడిపోతే నేనిస్త. గల్లీల సగం ఇండ్లల్ల తిమ్మమ్మ పెరుగే తింటున్నం. ఆడోళ్ళందరికీ ఎరుకే. పాలు పేరుకోకపోతే ఎవరన్న ఏం చేస్తరు? పక్కింట్ల అడుగుతరు. నువ్వు ఒక్కనాడన్న మా వాకిట్లకు వచ్చి అడిగితివా?"

సూగప్ప చేతిల గిలాస బెంచీ మీద పెట్టిండు. ప్లాంటు చిమ్నీ ఎనకకు పొద్దు దిగుతున్నది.

సూగప్ప పొయ్యి దిక్కు తిరిగి చిన్న గొంతుతోని అడిగిండు. "ఇంకా అట్లనే ఉంటదా యంకవ్వా? ముందల జర తీపి, ఆమీద జర పులుపు?"

"అట్లనే ఉంటదన్నా."

లోకనాథ్ క్యాను మూత తీసిండు. "ఇవి సూదిలేని బర్రె పాలండీ సూగప్పగారూ. నేనే చెబుతున్నా, ఏ మిషనూ అక్కర్లేదు. ఇంటికి పట్టుకెళ్ళండి" అన్నడు.

సూగప్ప లేచి నిలబడ్డడు. కండువతోని కండ్లు తుడుచుకున్నడు. తుడుచుకుంటున్నది దాచలే గూడ.

"గిన్నె ఎంతది తేవాలె యంకవ్వా? పెద్దదా?"

"గిన్నె ఎందుకన్నా, చెంచెడు సాలు. జల్దీ రా, దీపం పెట్టినంక పెరుగు ఇయ్యను."