దిగి రానన్న దుంగ

టీకొట్టు అక్క ఆ పొద్దున తమ్ముడికి ఒక మాట ఇచ్చింది. ఇచ్చిన దగ్గర్నుంచీ ఆ మాట గొంతులో చేపముల్లులా గుచ్చుతూనే ఉంది.

"అక్కా, ఇవాళ కలప కోతమిల్లాయన మన యంత్రం సంగతి కనుక్కోడానికి వస్తున్నాడు. నేను మాట్లాడుతున్నంతసేపూ నువ్వు నోరు విప్పకు. నీకు దణ్ణం పెడతా," అన్నాడు తమ్ముడు.

తమ్ముడంటే టర్బో. వెల్డింగు పని చేస్తాడు. అసలు పేరు వాళ్లక్కకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మాట మొదలుపెడితే బ్రేకులుండవు కాబట్టి అందరూ టర్బో అనేశారు, అదే ఖాయమైపోయింది. ఎనిమిది నెలల పాటు పాత ఇనుప సామాన్ల కొట్లన్నీ గాలించి, చెత్తలారీ తొట్టిని ఎత్తే జాకీ ఒకటి, మూలపడ్డ బస్సు స్టీరింగు పంపు ఒకటి, ఎవరో వదిలేసిన డీజిలు ఇంజను ఒకటి పోగేసి, టీకొట్టు వెనక పెరట్లో దుంగలెత్తే యంత్రం కట్టాడు. కట్టే ముందు చోటు చాలదని అక్క బట్టలారేసుకునే తీగ తెంపేశాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో బట్టలు కుర్చీల మీదే ఆరుతున్నాయి.

మిల్లాయన యంత్రం తీసుకుంటే పెరడు ఖాళీ అవుతుంది, టర్బోకి మిల్లులో నిలకడైన పని దొరుకుతుంది. తీసుకోకపోతే దాన్ని ముక్కలుగా కోసి మళ్లీ ఇనుప కొట్టుకే తోసేస్తానన్నాడు. ఆ మాట అనేటప్పుడు వాడు యంత్రం వైపు చూడలేదు. అది చూసే అక్క మాటిచ్చింది.

పదింటికి మిల్లాయన వచ్చాడు. తక్కువ మాటల మనిషి. చొక్కా జేబులో కొలతల టేపు, మొహంలో ఎప్పుడూ ఏదో లెక్క. బల్ల మీద అప్పటికే దర్జీ, లారీ డ్రైవరు కూర్చుని ఉన్నారు. వాళ్లు లేని రోజు ఆ కొట్టు తెరిచినట్టే ఉండదు. టర్బో వచ్చాడు, అతని వెనకాలే రెండు వీధికుక్కలు వచ్చి ప్యాంటుకి ఆనుకుని కూర్చున్నాయి.

"ఈ కుక్కలేంటి?" అన్నాడు మిల్లాయన.

"కాపలా సార్. ఇలాంటి యంత్రం కట్టినవాణ్ని ఎవడైనా ఎత్తుకుపోతాడని వాటి భయం. అసలు నేను కట్టింది పెద్ద గొప్పేం కాదు సార్..."

ఆ మాట వినగానే దర్జీ గ్లాసు కింద పెట్టి, కాళ్లు రెండూ బల్ల మీదికి లాక్కుని తీరిగ్గా సర్దుకున్నాడు. టర్బో గొప్పేం కాదన్నాడంటే గంటకి తక్కువ పట్టదు.

"మొదట చిన్న దుంగే ఎత్తాను సార్. నా నడుమంత లావు, అర టన్ను ఉంటుందేమో. లీవరు ఇలా వేలితో, వేలేంటి, గోరుతో అన్నాననుకోండి, దూదిపింజలా లేచింది."

అక్క టీ వడకడుతూ తలూపింది. అర టన్ను నిజమే. ఇక్కడితో ఆపరా నాయనా అనుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా సార్? యంత్రానికి హుషారొచ్చింది! పక్కనే మన డ్రైవరు బావ లారీ ఉంది. దాని ఇనుప పంజా దుంగని కింద పెట్టేసి, అటు తిరిగి, లోడుతో సహా లారీని పట్టుకుని లేపింది."

"నా లారీనా? ఎప్పుడు?" డ్రైవరు ఉలిక్కిపడ్డాడు.

"నీకెలా తెలుస్తుంది బావా! మధ్యాహ్నం భోంచేసి సీట్లో పడుకున్నావు. నువ్వు మేడంత ఎత్తులో ఉన్నావు, నీ గురక మాత్రం కిందే వినిపిస్తోంది. ఎందుకులే నిద్ర చెడగొట్టడమని, మళ్లీ అవే చక్రాల గుర్తుల్లోకి వెంట్రుకవాసి తేడా లేకుండా దించాను."

"అందుకేనా, ఆరోజు కలలో విమానమెక్కాను!" అన్నాడు డ్రైవరు.

మిల్లాయన నవ్వలేదు. "జాకీలో నూనె ఏం పోశావు?" అన్నాడు.

అక్క చేతిలో టీ జల్లెడ గాల్లోనే ఆగింది.

"మామూలు నూనె కాదు సార్. విమానం రెక్కలాడించే నూనె. ఒక పైలట్టు నాకు ప్రాణస్నేహితుడు. పైన పోతూ పోతూ కిటికీ తీసి డబ్బా జారవిడిచాడు, నేను కింద ఒక్క చేత్తో పట్టుకున్నాను."

ఒక కుక్క నాలుక చాపి టర్బో ప్యాంటు అంచు నాకింది. అతను కాలు విదిలించాడు. అది ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"సరే. దుంగ పైనుండగా ఇంజను ఆగిపోతే?" మిల్లాయన ముందుకి వంగాడు. "పోయిన నెల మా మిల్లులో గొలుసు జారింది. లోడింగు మేస్త్రి పాదం నలిగింది, ఇంకా కట్టు విప్పలేదు. అప్పట్నుంచి దుంగ పక్కకి రావాలంటేనే మనుషులు భయపడుతున్నారు. నీ యంత్రం ఎంతెత్తుతుందో నాకక్కర్లేదు. ఎత్తింది పట్టుకుంటుందా, వదిలేస్తుందా?"

అక్క తమ్ముడి వంక చూసింది. చెప్పరా, ఉన్నది ఉన్నట్టు చెప్పు, అన్నాయి ఆమె కళ్లు. టర్బో కూడా ఒకసారి పెరటి వైపు చూశాడు. కానీ ఎదురుగా నలుగురు వింటుంటే వాడి నోరు వాడి మాట వినదు.

"వదలడమా సార్! నేనే కావాలని ఇంజను ఆపి, దుంగని ఆకాశంలో నిలబెట్టి ఇంటికెళ్లి పడుకున్నాను. ఒకటిన్నర రోజు! పిట్టల జంట వచ్చి దాని మీద గూడు కట్టింది, గుడ్లు పెట్టింది, పిల్లలయ్యాయి, రెక్కలొచ్చి ఎగిరిపోయాయి, అప్పుడు దించాను."

"ఒకటిన్నర రోజులో గుడ్లు పిల్లలైపోయాయట్రా?" అన్నాడు దర్జీ.

"అంత ఎత్తులో సూర్యుడు దగ్గర కదా బాబాయ్, త్వరగా పొదిగాయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బరువుకి భూమి కాస్త ఇటు ఒరిగింది. ట్యాంకులో నీళ్లన్నీ మన వీధి వైపుకొచ్చేసి అవతలి వీధిలో కుళాయిలు ఎండిపోయాయి. గడియారాలన్నీ రెండు నిమిషాలు వెనకబడ్డాయి. కావాలంటే బాబాయి గోడ గడియారం చూడండి, ఇప్పటికీ వెనకే."

"అది కొన్నప్పట్నుంచీ వెనకేరా!"

డ్రైవరు పడీపడీ నవ్వాడు. మిల్లాయన మాత్రం సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

"సరదాగా ఉంది మేస్త్రీ. పైన వేలాడే దుంగ మాత్రం సరదా కాదు. వస్తాను."

టర్బో ఆయన వెనకాలే రెండడుగులు వేసి ఆగిపోయాడు. అక్క గొంతులో ముల్లు ఇక ఆగలేదు.

"అయ్యా, ఆగండి! ఆ నూనె నాది."

"అక్కా! మాటిచ్చావు!"

"ఇచ్చాను, ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. కూర్చో నువ్వు." ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని బయటికొచ్చింది. "పైలట్టూ లేడు, పాడూ లేడు. నా బాండీలో వేయించగా మిగిలిన మాడు నూనె, పెద్ద డబ్బాడు. వడకట్టి పొయ్యరా అన్నాను. చెత్త మోసిన జాకీకి ఇదో లెక్కా అన్నాడు, పోసేశాడు. దుంగ నా తలెత్తు లేచింది, అంతే. మాడు తునకలు పోయి వాల్వులో ఇరుక్కున్నాయి. పైకి పోదు, కిందికి రాదు. ఇంజను ఆపేసి, చుట్టూ తాడు కట్టి, వీడు దిక్కులు చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు సాయంత్రం దూరంగా నిలబడి పైపు బిగింపు వదులు చేస్తే దుంగ మెల్లగా దిగింది, నూనె మాత్రం ఎగిరొచ్చి వీడి మీదే పడింది. ఆ ప్యాంటే ఇది. ఇంక కుక్కలు వదుల్తాయా!"

దర్జీ బల్ల మీంచి జారినంత పని చేశాడు. డ్రైవరు కళ్లు తుడుచుకుంటూ, "కాపలాట బావా, కాపలా!" అన్నాడు. టర్బో తల వంచుకుని కుక్క వీపు నిమురుతూ కూర్చున్నాడు.

మిల్లాయన ఒక్కడే నవ్వలేదు. "ఇంజను లేకుండా ఒకటిన్నర రోజు," అన్నాడు నెమ్మదిగా. "ఎంత దిగింది?"

"దిగితేగా! నా తీగ వీడు తెంపేశాడు కదా, దుంగ ఎలాగూ అడ్డంగా వేలాడుతోంది, ఊరికే పోవడమెందుకని ఉతికిన దుప్పటి దాని మీద వేశాను. కిందికి పోలేదులెండి, దూరం నుంచి పొడుగు కర్రతో వేశాను. అంచు బురదకి నాలుగు వేళ్ల ఎత్తులో ఉంది. మర్నాడు తీసేటప్పుడూ నాలుగు వేళ్లే. మట్టి మరక లేదు. ఉంటే వీణ్నే ఉతికేదాన్ని."

మిల్లాయన జేబులోంచి టేపు తీశాడు. "ఏదీ, ఆ చెయ్యి చూపించండి."

అక్క చెయ్యి చాపింది. ఆయన నాలుగు వేళ్ల వెడల్పూ కొలిచి, టర్బో వైపు తిరిగాడు. "జాకీలో నూనె కారకుండా ఆపే సీళ్లు ఎక్కడివి?"

"కొత్తవి సార్," అన్నాడు టర్బో. ఆ కొట్టులో అతని గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినపడలేదు. "మొత్తం యంత్రంలో అవొక్కటే కొత్తవి. మూడుసార్లు విప్పి బిగించాను. పైన పెట్టింది పడకూడదని."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"అది మామూలు సంగతే కదా సార్. ఎవరు వింటారనుకున్నాను."

మిల్లాయన మళ్లీ కూర్చుని, సగం మిగిల్చిన టీ అందుకున్నాడు. "నూనె మార్చు. వాల్వు కడుగు. సోమవారం మిల్లుకి తీసుకొచ్చి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా నా దుంగొకటి రెండు రోజులు పట్టి చూపించు. దిగకపోతే యంత్రం మిల్లుది, దాని మీద మేస్త్రివి నువ్వు." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "అమ్మా, ఆ దుప్పటి కూడా పంపండి."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా టర్బో గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత చొక్కా సర్దుకుని డ్రైవరు పక్కకి జరిగాడు.

"చూశావా బావా! అసలు ఆరోజు ఒక్క దుప్పటా? వీధి వీధంతా దుప్పట్లు తెచ్చి..."

"ఒక్కటే," అంది అక్క గ్లాసులు కడుగుతూ. "దానికీ చిరుగుంది."