తోకచుక్కకు ఉన్న ఒక్క సాక్షి

మామయ్య చెప్పవలసింది ఒక్కటంటే ఒక్క ముక్క. "బుధవారం రాత్రి మా మేనకోడలు వాళ్ళ డాబా మీద నాకు తోకచుక్కను చూపించింది." దారి పొడుగునా మేనకోడలు ఆయనచేత అది వల్లె వేయించింది. ఆమె పనిచేసే అబ్జర్వేటరీ డైరెక్టరు, గురువారం రాత్రి దాన్ని మొదట చూసింది తానేనని ప్రకటించేసుకున్నాడు. ఆమె ఎంత మొత్తుకున్నా అందరిదీ ఒకటే మాట, సాక్షి ఎవరని. ఉన్న ఒక్క సాక్షీ కోతలరాయుడు కావడం ఆమె ఖర్మ.

టీ కొట్టులో, మేనకోడలు పిలిపించిన పత్రికాయన పెన్ను తీశాడు. మామయ్య గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు వినగానే మేనకోడలికి గుండె జారిపోయింది.

"అసలు ఆ రాత్రి టెలిస్కోపు పట్టుకున్నది నేనేనండీ. ఏం గాలి, ఏం గాలి! నేను లేకపోతే అది ఎగిరి పక్కింటి నీళ్ళ ట్యాంకులో పడేది."

"దాన్ని గోడకు కట్టేశాం కదా మామయ్యా!"

"నువ్వూరుకో అమ్మాయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ పిల్ల పడమటికి తిప్పుతోంది. అటు కాదే పిచ్చిమొహమా, తూర్పుకు తిప్పు అన్నాను. తిప్పింది, కనపడింది. నాకైతే టెలిస్కోపుతో పనేముంది, ఉత్త కళ్ళతోనే చూసేశా."

"మరి ఆ కళ్ళజోడెందుకండీ?" అన్నాడు పక్క బల్ల దగ్గరి టైలరు.

"ఇదా? చూపు తగ్గించుకోడానికయ్యా. ఇది తీస్తే చంద్రుడి మీద గుంటలన్నీ కనబడి నిద్ర పట్టదు. సరే, అసలు సంగతి వినండి. ఆ తోకచుక్క మనవైపు వచ్చేదే కాదు. దాని దారిన అది పోతుంటే నేనే ఈల వేశా. ఆగింది, వెనక్కి తిరిగింది! తోక ఎక్కడ డాబాకు తగులుతుందోనని ఈ చేత్తోనే పక్కకు నెట్టా. ఇదిగో, ఇక్కడ కాలిన వెంట్రుకలు ఈనాటికీ మొలవలేదు. అంతెందుకు, శనిగ్రహం చుట్టూ ఉంగరాలున్నాయే, వాటిని మొదట చూసింది మా ముత్తాతల్లో ఒకాయన. మొహమాటస్తుడు, ఎవరికీ చెప్పుకోలేదు. మేం కనిపెట్టడం, పైవాళ్ళు పేరు కొట్టేయడం, మా వంశానికి ఇది అలవాటేనండీ!"

పత్రికాయన పెన్నుకు మూత పెట్టేశాడు. మేనకోడలికి కోపంతో ఏడుపొచ్చింది. డైరెక్టరు ఒక్క అబద్ధంతో సరిపెట్టుకున్నాడు, సొంత మామయ్య శనిగ్రహాన్ని కూడా వదల్లేదు. ఈయన్ని ఎందుకు తీసుకొచ్చానురా దేవుడా అని తల పట్టుకుంది.

మామయ్యతోపాటు వచ్చి పక్కనే కూర్చున్న అత్తయ్య టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది.

"ఇంక చాలు, ఆపండి! బాబూ, ఆ రాత్రి ఈయన డాబా దిగొచ్చి నాతో ఏమన్నారో నేను చెబుతా. 'మా అక్క కూతురికి మతి పోయిందే, టెలిస్కోపు అద్దం మీద మరక చూపించి తోకచుక్క అంటోంది, చొక్కా అంచుతో ఎంత తుడిచినా పోలేదు, జిడ్డు మరక' అన్నారు. తెల్లారి గురువారం మొదటి బస్సుకే మేం మా ఇంటికి వెళ్ళిపోయాం."

టైలరు పకపకా నవ్వాడు. మామయ్య మొహం మాడిపోయింది. పత్రికాయన మాత్రం నవ్వలేదు, గబగబా పెన్ను మూత తీశాడు.

"ఉండండుండండి. తుడిచినా పోలేదా?"

"ఎక్కడ పోతుందండీ, ఎంత రుద్దినా..." అని మామయ్య నాలిక్కరుచుకున్నాడు.

"పోలేదంటే అది అద్దం మీద లేదు, ఆకాశంలో ఉంది. అదీ బుధవారం రాత్రి! ఇందాకటి నుంచి మీరు చెప్పినవాటిలో నమ్మబుద్ధేసింది ఇదొక్కటేనండీ. తనకే తలవంపులయ్యే అబద్ధం ఎవరాడతారు? మీ నోటితో చెప్పండి, రాసుకుంటాను."

మామయ్య బల్ల వంక చూశాడు, భార్య వంక చూశాడు, చివరికి మేనకోడలి వంక చూశాడు.

"బుధవారమే. చూపించింది మా అమ్మాయే. నేను మరకనుకున్నా."

ఆయన నోట అంత పొట్టి మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఇంతసేపటి కోపమూ కరిగిపోయి, మామయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. పత్రికాయన రాసుకుని లేవబోయాడు.

"ఆగండి, ఇంకో ముక్క రాయండి," మామయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "తోకచుక్కను చూసినవాళ్ళు సవాలక్ష మంది ఉంటారు. తుడిచిన మొట్టమొదటి మనిషిని నేను! దీనికి ఏ డైరెక్టరు పోటీకొస్తాడో రమ్మనండి!"