దెబ్బకు కారణం రాసే గడి

నా పేరు, చిరునామా పోలీసు స్టేషను రైటరుగారు పైన రాసుకున్నారు. వయసు నలభై రెండేళ్లు. ఆసుపత్రిలో బయటి రోగులకు చీటీలు రాసే గుమస్తాను. పదకొండేళ్లుగా అదే కౌంటరు, అదే కుర్చీ.

మా చీటీలో 'దెబ్బకు కారణం' అని ఒక గడి ఉంటుంది. చెయ్యి విరిగో, కన్ను వాచో వచ్చే ఆడవాళ్లలో చాలామంది "జారిపడ్డానండీ" అంటారు. పక్కనే మొగుడు నిలబడి ఉంటాడు. రోజూ అదే రాయలేక 'జారిపడుట' అని రబ్బరు స్టాంపు చేయించాను. ఆ తర్వాత అడగడమే మానేశాను. ఆ తప్పు నాదే, సిగ్గుగా ఉంది.

మొన్న మంగళవారం ఉదయం ఏడుంబావుకు, వంటగదిలో, నా భర్త నా కుడి చెయ్యి మెలిపెట్టి తలుపుకేసి కొట్టాడు. చొక్కా ఇస్త్రీ కాలేదని. నీలం చొక్కా, ఇంకా ఒక్క చెయ్యే మిగిలింది. ఇది మొదటిసారి కాదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఎన్నోసారో చెప్పలేను. "గుట్టుగా ఉంటేనే కాపురం నిలబడేది" అనేవారు మా అత్తగారు. గుట్టుగానే ఉన్నాను.

తొమ్మిదిన్నరకు మా ఆసుపత్రికే వెళ్లాను. నా కుర్చీలో మా జూనియరు కూర్చుని ఉంది. "అయ్యో అక్కా, ఏమైంది?" అంటూనే చీటీ మీద స్టాంపు కొట్టింది. నేనింకా నోరు తెరవలేదు.

"జారిపడ్డానని నీకెవరు చెప్పారే?" అన్నాను.

"అందరికీ అదేగా అక్కా. మీరే నేర్పారు."

ఒళ్లు మండిపోయింది, ఆ పిల్ల మీద కాదు. ఇంకో చీటీ తీయించి 'భర్త కొట్టాడు' అని దగ్గరుండి రాయించాను. వెనక వరుసలో, కంటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్న ఒకావిడ ముందుకు వంగి చూసింది.

"అలా కూడా రాస్తారా అమ్మా?"

"రాస్తారు" అన్నాను.

చీటీలు రెండూ, ఎక్స్‌రే, ఆ స్టాంపు మీకు అప్పగిస్తున్నాను. స్టాంపు తిరిగి ఇవ్వనక్కర్లేదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, నిజమే ఉంది, ఒక్కచోట తప్ప. 'మాటా మాటా పెరిగి' అని రైటరుగారు తమంతట తాము చేర్చారు. ఆ ఉదయం నేను ఒక్క మాట కూడా అనలేదు. దాన్ని కొట్టివేయించాను.

నాకు చదవడం, రాయడం వచ్చు. కుడి చెయ్యి కట్టులో ఉన్నందున ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను. ఇక్కడ ఒకటి, ఆ కొట్టివేత పక్కన ఒకటి.