బంగార్రాజు బుర్రలో బిట్లు

"నాకు గొప్పలు సెప్పుకునే అలవాటు లేదని మీకందరికీ తెల్సిందే. ఏదో ఫేను తిప్పేను, అంతే. సెయ్యి ముట్టుకోకుండా, కూకున్న సోటే కూకుని, ఉత్తి బుర్రతోటి."

చోడవరంలో నరసమ్మ టీ బడ్డీ దగ్గర బంగార్రాజు మొదలెట్టేడు. బల్ల మీదవాళ్లు సర్దుకు కూర్చున్నారు.

"విశాపట్నంలో ఓ లేబ్‌కి ఎల్తే డాక్టరుగారు నా నెత్తిన వైర్ల టోపీ ఎట్టేరు. మనం అనుకున్నది ఆ టోపీ సదివి మిషన్‌కి సెప్తాదన్నమాట. ఫేను తిరగాలనుకున్నాను, తిరిగింది. ఆ తర్వాత ఏటైందో తెల్సా? లిఫ్ట్‌ని రమ్మనుకున్నాను, జనంతో సహా వచ్చేసింది. కిటికీలోంచి సూస్తే పోర్టులో క్రేను కనబడింది, సరే దీన్నీ సూద్దామని అనుకున్నానో లేదో, అది ఓడలోంచి బొగ్గు దింపేస్తంది, దాని డ్రైవరేమో కిందన టీ తాగతన్నాడు."

"ఓడ రోడ్డెక్కలేదేటి?" అంది నరసమ్మ గ్లాసులు కడుగుతూ.

"ఎక్కీదే, నేనే ఆపేను. అసలు సంగతి ఇనండర్రా. బుర్రలోంచి ఎంత సమాచారం బయటికొస్తందో బిట్లలో కొలుస్తారు. అవునో కాదో సెప్తే ఒక బిట్టు. మామూలోడి బుర్ర సెకనుకి ఒక బిట్టు వదిల్తే పండగ సేసుకుంటారట. నాకు లచ్చ. కంప్యూటరు బెల్లం పాకంలా కుతకుతలాడిపోయింది. డాక్టరుగారు దణ్ణమెట్టి, 'బంగార్రాజుగారూ, కాస్త తక్కువ ఆలోచించండి' అన్నారు. పోన్లే పాపమని కోడికూర గురించి ఆలోచించేను గానీ, అప్పటికే ఆలీసం అయిపోయింది. మొన్న రోలుగుంట దాకా కరెంటు పోయిందా? అది నా బుర్ర పనే."

అందరూ నవ్వేరు, బల్ల చివర కూర్చున్న కుర్రాడు చంద్రమోహన్ తప్ప. బుచ్చెయ్యపేటలో వాళ్లమ్మ మంగాయమ్మకి పక్షవాతమొచ్చి మాట పడిపోయింది.

"మావయ్యా, ఆ టోపీ ఎడితే మాయమ్మ మనసులో మాట బయటికొస్తాదా? కదిపితే సాలు, నెప్పికి కళ్లమ్మట నీళ్లెట్టుకుంటాది. అయినా నువ్వు ఔనంటే రేపే కారు మాటాడి తీసుకెళ్తాను. అవునా, కాదా?"

"అదేటంటే... టెక్నాలజీ అన్నాక..."

"లచ్చ బిట్లున్నోడివి, గుంటడికి ఒక్క బిట్టు ఇవ్వలేవేటి?" అంది నరసమ్మ.

బంగార్రాజు ఖాళీ గ్లాసునే మరోసారి తాగేడు. మూతి తుడుచుకుని రోడ్డుకేసి చూసేడు.

చంద్రమోహన్ లేచేడు. కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చేయి అతనికి.

"మాయమ్మ అవునంటే రెప్ప మూస్తాది మావయ్యా. నువ్వు కాదంటే నోరు మూస్తావన్నమాట. తెలిసింది" అన్నాడు.