ఊటీ రైలుకు అడ్డమొచ్చిన ఏనుగు

“ఉండు వరదరాజులూ, పెన్ను మూయబాక. మిగిలింది ఒకే సీటు, సరే. మా వాసవాంబ తన పేరు రాయమనింది, అదీ సరే. అయితే అది మేట్టుపాళెం నుంచి ఊటీకెక్కే పొగబండి అప్పా, మౌంట్ రోడ్డు బస్సు కాదు. ఆడ ఏనుగులుంటాయి. ఆడవాళ్ళు పోయే చోటా అది? మీ సంఘంలో తెలిసినవాడు ఒకడన్నా ఉండాల. నా పేరు రాసుకో,” అన్నాడు పరంధామయ్య.

చింతాద్రిపేటలో ఆయన ఇంటి తిన్నె అది. పాత మద్రాసు సంఘం వచ్చే ఆదివారం ఆ బొగ్గు రైలెక్కడానికి పోతోంది, పేర్లివ్వడానికి ఆ సాయంత్రమే గడువు. సంఘం కార్యదర్శి వరదరాజులు కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాఫీలిచ్చిన పరంధామయ్య భార్య వాసవాంబ గడపలోనే నిలబడిపోయింది. వెనక పోర్షన్లో పోయిన నెల దిగిన చిన్నప్ప గోడకానుకుని వింటున్నాడు. ఆయన ఏం పని చేసి రిటైరయ్యాడో పరంధామయ్య అడగలేదు. పరంధామయ్యకు అడిగే అలవాటు లేదు.

“మీరు ముందే ఎక్కినారా?” అన్నాడు వరదరాజులు.

“ఎక్కినానా? ముప్ఫై ఏళ్ళ కింద, నాకింకా పెండ్లి కాలేదు. కూనూరులో మా చిన్నాయన కొడుకు పెండ్లికి పోతా ఉంటే, ఇంజనులో బొగ్గు వేసేవాడికి చెయ్యి బెణికింది. డ్రైవరు నన్ను చూసి, తమ్ముడూ, రెండు పారలు వేస్తావా అన్నాడు. వేసినా. అంతే, గొప్పేమీ చెప్పుకోను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మంట వేడికి డ్రైవరే కండ్లు తిరిగి కూలబడినాడు! ఇంజను నా చేతికొచ్చింది.”

“నడిపేది ఎవరు నేర్పినారు?”

“నేర్పేదేముందప్పా, సైకిలు తొక్కేవాడికి అన్నీ వొస్తాయి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. సొరంగం దాటి బయటికొస్తే పట్టాల మీద ఏనుగు! సుమ్మా మామూలు ఏనుగు కాదు, మన సెంట్రల్ స్టేషను గడియారం దాని చెవికి కమ్మ మాదిరి సరిపోతుంది. కూత కొట్టినా. అదీ కొట్టింది. దాని కూతే గట్టిగా ఉండాది, ఒప్పుకుంటా. నేరుగా వొచ్చి ఇంజను మూతికి నెత్తి ఆనించి నూకడం మొదలుపెట్టింది. బండి వెనక్కి! ఒక వంతెన పోయింది, రెండో వంతెన పోయింది, పెట్టెల్లో నాలుగొందల మంది గోవిందా గోవిందా అంటా ఉండారు. చూస్తే బొగ్గు అయిపోయింది.”

“అయ్యో! అప్పుడు?”

“పెండ్లికని మా అమ్మ కట్టిచ్చిన మురుకులు రెండు డబ్బాలుండాయి. మా అమ్మ మురుకు సంగతి నీకు తెలుసు కదా, ఈ పేటలో ఇద్దరికి పళ్ళూడినాయి. రెండు డబ్బాలూ పొయ్యిలో గుమ్మరించినా. నూనె మురుకు కదా, భగ్గుమనింది చూడు! ఏనుగును ముందర పెట్టుకుని నూకతా పోయినా. కూనూరు వొచ్చింది, ఆగలేదు. పెండ్లివాళ్ళు ప్లాట్‌ఫారం మీద నుంచే అక్షింతలు నా మీద చల్లేసినారు. ఊటీలో గానీ నిలవలేదు. స్టేషను మాస్టరు పరిగెత్తుకొచ్చి ఏనుగును టికెట్టు అడిగినాడు. అది నన్ను చూపించింది. పోనీలే అని నేనే తీసినా, అర టికెట్టు. చిన్న పిల్ల కదా.”

వరదరాజులు నవ్వాపుకుంటూ పెన్ను కాగితం మీద పెట్టాడు. ఆయనకు ఇంటికి పోవాలని ఉంది, ఎవరి పేరైనా రాసేయాలి. వాసవాంబ ముఖం చిన్నబోయింది. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆమె రైల్లో దగ్గరలోని తిరుత్తణి దాటి పోలేదు. ఈ ప్రయాణం మీద ఆమె చాలా ఆశ పెట్టుకుంది.

“అయ్యా,” అన్నాడు చిన్నప్ప మెల్లగా, “ఏనుగు ఇంజను మూతికే నెత్తి ఆనించిందా?”

“ఆమా! దాని ఊపిరి నా మొగానికి తగిలింది.”

“కొండెక్కేటప్పుడు ఇంజను వెనకాల ఉంటుందయ్యా. పెట్టెల్ని వెనక నుంచి తోసుకుంటా పోతుంది. ముందర, మొదటి పెట్టె కొసన, జెండా పట్టుకుని బ్రేకు వేసేవాడు నిలబడతాడు. ఇరవై రెండేళ్ళు ఆడ నిలబడినోణ్ణి నేను.”

పరంధామయ్య ఖాళీ లోటా ఎత్తి ఒక గుక్క తాగాడు.

“నేనేం చెప్పినా మరి? అది వొచ్చిందే వెనక నుంచి! ముందర అనుకున్నది మీరు. పాపం, ఇంజనుకు శక్తి చాలడం లేదని తెలుసుకుని కొండెక్కేదానికి సాయం పట్టింది. శానా మంచి ఏనుగు.”

“అంత మంచి ఏనుగైతే నాకు భయమేముందండీ,” అంటూ వాసవాంబ వచ్చి ఆయన చేతిలో లోటా తీసుకుంది. “రాయండన్నా, వాసవాంబ. మొదటి పెట్టెలో.”