గొడుగు మీద రేకుడబ్బ

“తాతా, సౌదీల అన్నేండ్లుంటివి, కల్లు యాదికి రాకపోవునా?”

రాకేం జేస్తది బిడ్డా. కల్లు గీసే గౌండ్లోని చెయ్యి ఇది. అల్ ఖర్జ్‌ల మా అరబ్బు కఫీలు, అంటే పనికి వెట్టుకున్న సేటు, ఆయన తోట నిండ ఖర్జూర చెట్లేనాయె. మన ఈతకు అక్కలసొంటియి. ఎక్కుడు, పూత కట్టుడు, గెలలు దించుడు, నా పని గదే. మోకు ఏసుకొని పైకి వోతె మెడకాడ తెల్లటి మొవ్వు అగుపడేది. ఒక్క గీత గీసి కల్లు లొట్టి కడితే... చెయ్యలె, చెయ్యను గూడ. గా దేశంల దొరికితే జైలే. కని చెయ్యి దురద వెట్టేది.

నాతోని తెస్ఫాయె అని ఒకాయన ఉండె, ఇథియోపియా ఆయనది. మంచి మనిషి, కని పనిల శుద్ధి తక్కువ. ఆయన ఏసిన మోకు ముడి మల్ల నేనే ఇప్పి కట్టాలె. సగం అరబ్బీ, సగం హిందీ, మిగిలింది చేతులతోని మాట్లాడుకునేటోళ్లం. పొద్దుగూకంగ, ఇసుక సల్లవడుతుంటె, ఇద్దరం చెట్ల కింద కూసొని అంగళ్లు తెరిసేటోళ్లం. అంటే మాటల్లనే. నేను లొట్టి దించితె ఆయన వాళ్లమ్మ కుండ దించేటోడు. ఆమె జొన్నలు, బార్లి, ఏదో చేదాకు ఏసి ఇంట్లనే బీరు పులియవెడుతదట. ఇంటి ముంగట కట్టె పాతి, కొసకు రేకుడబ్బ బోర్లిస్తె ఆడ అమ్ముతరన్నట్టు. బోర్డు లేదు, పేరు లేదు. కుండకు ముందుగాల కట్టె పొగ వెడుతదట. గది విన్నంక ఆ తల్లి మీద నాకు గౌరవం వచ్చింది. లొట్టి కడుగనోని కల్లు గూడ కల్లేనా?

మా అసొంటోళ్లకు అప్పుడు సెల్‌ఫోన్లు యాడియి. ఓ శుక్రారం తెస్ఫాయె బతా బజారుకు వోయి, ఫోన్ డబ్బలకెల్లి ఇంటికి మాట్లాడి, మొకం మాడ్సుకొని వచ్చిండు. “సదీక్,” అన్నడు, దోస్తు అన్నట్టు, “బీరు కంపెనోళ్లొచ్చిండ్రట. ఫ్రిజ్ ఇస్తరట, రంగు గొడుగిస్తరట. వాళ్ల సీసలే అమ్మాలె, కుండ బంద్ జెయ్యాలె. అమ్మ నన్నడుగుతున్నది. ఏం చెప్పాలె?”

నాకు మా బావ యాదికొచ్చిండు. మా అక్క మొగడు, పేరెత్త, గిట్లనే వైన్‌షాపు గల్లపెట్టెకాడ కూసున్నడు, మా ఈత వనం నరికిచ్చిండు. ఇయ్యాలటికి ఆయన ఇంట్ల మంచినీళ్లు ముట్ట. మీ నానమ్మ బతిమిలాడినా ముట్ట. ఈ ముచ్చట తెస్ఫాయెకు ఎన్నడో చెప్పిన.

“ఒద్దని చెప్పుడెందుకు,” అన్న. “వచ్చినోన్ని కూసుండవెట్టి ఒక ముంత తాపుమను. తాగినంక అడుగుమను, కొడుకా, ఈ కుండ బంద్ జెయ్యాల్నా అని.”

“మీ బావ తాగలేదా నీ కల్లు?” అన్నడు తెస్ఫాయె.

గది పొడిసింది నన్ను. తాగిండు. నా చేతి కల్లు తాగే మీసం మొలిసింది ఆయనకు. అయినా గొడ్డలి పట్టిండు. తెస్ఫాయె మాత్రం మల్ల ఫోన్ జేసి నా మాటే అమ్మకు చెప్పిండు. అందుకే ఆ వారమంత నేను చెట్టు మీదున్నా మనసు యాడనో ఉండె. ఎన్నడు సూడని ఊర్ల, వాళ్లమ్మ ఇంటి ముంగట నిలవడి, తలుపు సందులకెల్లి తొంగి సూసినట్టు. మా నాయిన కాలంల సోలెడు జొన్నలకు ముంతెడు కల్లు, జొన్నలే, పైసలెవలకున్నయి... ఏడికి వోయిన? ఆ, మల్లొచ్చిన శుక్రారం, నేను గూడ ఆయన ఎంట బతాకు వోయిన.

ఫోన్ డబ్బ అద్దంలకెల్లి సూస్తున్న. తెస్ఫాయె ఇంటున్నడు, ఇంటున్నడు, ఒక్కపారి తల ఎనుకకేసి నవ్విండు. కంపెనాయన ఒక ముంత తాగిండట. రెండోది తనే అడిగిండట. మా అవ్వ చేసింది గూడ గిట్లనే ఉండెనని కండ్లు తుడుసుకొని, సంతకానికి తెచ్చిన కాయితం మడిసి జేబుల వెట్టుకొని వోయిండట. గొడుగు ఆడనే మరిసిండు.

“గొడుగేం జేసింది మల్ల మీ అమ్మ?” అని అడిగిన.

“ఇంటి ముంగట పాతింది. కొసకు రేకుడబ్బ బోర్లిచ్చింది.”

ఇప్పటికి పొద్దుగూకంగ కండ్లు మూస్తె గదే అగుపడుతది. రంగురంగుల గొడుగు, కొసకు డబ్బ, దాని మీద ఎండ. నేను నడుస్తనే ఉంట, అది దగ్గరికి రాదు... నీ చేతి పనిని గూడ గట్ల రెండోపారి అడిగేటోళ్లు దొరకాలె బిడ్డా. సల్లగుండు. ఆ కిటికి ముయ్యకు, జర గాలొస్తున్నది...